బూస్ట్ పెంచుతారా? కాస్త ఆగండి!

ఒకటే ఇంజిన్. నాలుగే సిలిండర్లు. 1,781 సీసీ. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో పెడితే మన దేశంలో 150 గుర్రాల శక్తి. ఆడి టీటీలో పెడితే 225. ఇంజిన్ సైజు పెరగలేదు, కొత్తగా సిలిండరేమీ చేరలేదు. మరి మిగతా 75 గుర్రాలు ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

గాల్లోంచి! వేళాకోళంలా ఉందిగానీ అక్షరాలా నిజం అదే. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలుదేముంది, ఇంజెక్టరు కాస్త ఎక్కువసేపు తెరిస్తే ఎంతైనా చిమ్ముతుంది. చిక్కంతా గాలితోనే. పిస్టన్ కిందికి దిగేటప్పుడు సిలిండరు తనంతట తాను పీల్చుకోగలిగే గాలికి ఓ హద్దుంది. ఆ హద్దు దాటించి, ముక్కు మూసి పిల్లాడికి మందు పోసినట్టు, బలవంతంగా గాలిని కుక్కే పంకా పేరే టర్బో. సైలెన్సరు గుండా వృథాగా పోవాల్సిన పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివరనున్న చక్రం బయటిగాలిని ఒత్తి ఇంజిన్లోకి పంపుతుంది. వేగం నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు. ఇంట్లో మిక్సీ ఎంత గోల చేసినా 20 వేల చుట్ల దగ్గరే ఉంటుంది మరి. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నది 1905లో. కార్లలోకి రావడానికి అర్ధశతాబ్దం దాటింది.

ఆక్టేవియా ఆర్‌ఎస్ మన దగ్గరికి 2004లో వచ్చింది. అప్పట్లో లక్షలు పోసి కొన్నవాళ్లు డాక్టర్లూ వ్యాపారులూ అయితే, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుని కొంటున్నవాళ్లు పాతికేళ్ల కుర్రాళ్లు. బండి ఇంటికొచ్చిన నెలకే మొదటి ప్రశ్న మొదలవుతుంది. 'అన్నా, దీని బూస్ట్ పెంచొచ్చంట కదా?' షెడ్డులో అన్న ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అరగంటలో పనైపోతుంది. బండి చేతికొచ్చాక ఎక్సలేటరు తొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుంది. నాన్నకి మాత్రం ఒకటే సందేహం. 'ఏరా, ఉన్న స్పీడు చాలట్లేదా?'

నాన్న సందేహం సంగతి తర్వాత. ముందు ఆ అరగంటలో ఏం జరిగిందో చూడాలి.

విజిల్ మీద ఇంకో బరువు

ప్రతి వంటింట్లోనూ ఓ బూస్ట్ కంట్రోలరు ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మీద పెట్టే విజిలే అది. లోపల ఆవిరి ఒత్తిడి బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువవగానే విజిల్ లేస్తుంది, ఎక్కువైన ఆవిరి తుస్సుమంటుంది. టర్బోకీ అలాంటి తలుపే ఉంటుంది, పేరు వేస్ట్‌గేట్. లోపలికి నెట్టే గాలి ఒత్తిడి అనుకున్న హద్దుకి చేరగానే ఆ తలుపు తెరుచుకుంటుంది. పొగలో కొంత టర్బో చక్రాన్ని తాకకుండా పక్కదారిన పోతుంది. చక్రం అంతకంటే వేగం పుంజుకోదు. బూస్ట్ పెంచడమంటే ఆ విజిల్ మీద ఇంకో బరువు పెట్టడమే.

ఆక్టేవియాలో ఆ బరువు పెట్టేది ఇంజిన్ కంప్యూటరు. ఎన్75 అనే చిన్న కవాటం ద్వారా వేస్ట్‌గేట్‌కి వెళ్లే ఒత్తిడిని అది తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. 150 గుర్రాల ఇంజిన్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిన బూస్ట్ అర బార్‌కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని కంప్యూటరులోనే మార్చేయడాన్ని రీమ్యాప్ అంటున్నారు. బరువు పెంచితే కుక్కర్‌లో పప్పు ఇంకా త్వరగా ఉడుకుతుంది, నిజమే. గిన్నె, మూత, రబ్బరు అంత ఒత్తిడికి తట్టుకునేలా ఉన్నాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

లెక్క వేసి చూస్తే

అర బార్‌ని 0.8 బార్ చేశారనుకుందాం. బయటి గాలి ఒత్తిడి ఒక బార్ కూడా కలుపుకుంటే 1.5 నుంచి 1.8 అయింది. అంటే ఇరవై శాతం పెరిగింది. 150 గుర్రాలు 180 కావాలి. కావు. ఎందుకంటే గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు అడుగుభాగం పట్టుకున్న ఎవరికైనా ఆ సంగతి తెలుసు. బయట 35 డిగ్రీలున్న రోజున, ఓ మాదిరిగా పనిచేసే టర్బో గాలిని ఒకటిన్నర రెట్లు ఒత్తితే దాని వేడి 90 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. 1.8 రెట్లు ఒత్తితే 115 దాటుతుంది. వేడిగాలి పలచగా ఉంటుంది. ఒత్తిడి పెరిగినంతగా గాలి బరువు పెరగదు. ఆ వేడిని తగ్గించడానికే టర్బోకీ ఇంజిన్‌కీ మధ్య ఇంటర్‌కూలర్ అనే రేడియేటరు లాంటి పెట్టె ఉంటుంది. అది కూడా లెక్కలోకి తీసుకుంటే చివరికి అదనంగా లోపలికెళ్లే గాలి 16 శాతం. అంతా సవ్యంగా ఉంటే 150 గుర్రాలు 175 దాకా వస్తాయి. ఇది మంచి బేరమే.

ఆశ పెరిగి 1.1 బార్ పెడితే? ఒత్తిడి నలభై శాతం పెరిగింది. కానీ ఆక్టేవియాలో ఉన్న టర్బో కే03 అనే చిన్నది. తన స్తోమతకు మించి తిరిగేసరికి అది గాలిని నెట్టడం తగ్గించి వేడి చేయడం మొదలుపెడుతుంది. అదే 35 డిగ్రీల రోజున గాలి వేడి 150 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కిపోతుంది. నలభై శాతం కాస్తా ముప్పై అవుతుంది. పైగా పొగ బయటికి పోయే దారి ఇరుకై, ఇంజిన్ తన ఊపిరి తానే వదల్లేక అవస్థపడుతుంది. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఆ చిన్న టర్బో అడిగిన ఒత్తిడి ఇవ్వనే ఇవ్వలేదు. కంప్యూటరులో ఎంత రాసుకున్నా 6,000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ దానంతటదే జారిపోతుంది. చివరి గుర్రం కోసం పడే ఆరాటంలో దక్కేది వేడే.

ఇవి ఉగాది నాటి లెక్కలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో ఈ లెక్క ఇంకా కిందికి దిగుతుంది. డిసెంబరు చలిలో తెల్లవారుజామున టెస్ట్ డ్రైవ్ చేసి 'ఏమీ కాలేదు' అనుకుంటే పొరపాటు.

గొలుసుల చప్పుడు

ఇంజిన్ పాడయ్యేది ఒత్తిడి వల్ల కాదు, ఆ ఒత్తిడి తెచ్చే నాకింగ్ వల్ల. ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చాక మంట ఒక పక్కనుంచి రెండో పక్కకి వరసగా పాకాలి. గాలి మరీ వేడిగా, మరీ ఒత్తిడితో ఉంటే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. సుత్తితో పిస్టన్ తల మీద కొట్టినట్టే. మామూలు కారులో గట్టు ఎక్కేటప్పుడు వినిపించే గలగల చప్పుడు అదే. టర్బో ఇంజిన్లో నాలుగైదు సెకన్లు గట్టిగా నాకింగ్ వచ్చినా పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు. అప్పుడిక తెల్లారి మెకానిక్ చెప్పే మాట ఒకటే: ఇంజిన్ బోరుకొచ్చింది.

ఈ శత్రువుతో కార్ల కంపెనీలు చేసిన పోరాటం ఓ సరదా కథ. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు వచ్చింది. టర్బోతో అమ్మకానికొచ్చిన తొలి కార్లలో అదొకటి. నాకింగ్ రాకుండా ఉండటానికి ఇంజిన్లోకి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం చిమ్మే ఏర్పాటు చేశారు. దానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని ఘనంగా పేరు కూడా పెట్టారు. పెట్రోలుతో పాటు ఆ సీసా కూడా నింపుకోవాలి. నింపకపోతే బూస్ట్ రాదు. జనం నింపలేదు! 'కారు లాగట్లేదు' అని షోరూముల చుట్టూ తిరిగారు. చివరికి చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటరు బిగించారు. మనుషుల్ని నమ్ముకుని యంత్రాలు తయారుచేయకూడదని డెట్రాయిట్‌కి అప్పుడే తెలిసొచ్చింది.

స్వీడన్ కంపెనీ సాబ్ 1980ల మొదట్లో అసలైన విరుగుడు కనిపెట్టింది. ఇంజిన్ దిమ్మకు చెవిలాంటి సెన్సరు అతికించారు. నాకింగ్ మొదలైన చప్పుడు దానికి వినపడగానే కంప్యూటరు వేస్ట్‌గేట్ తెరిచి బూస్ట్ తగ్గించేస్తుంది. ఏ బంకులో ఏ పెట్రోలు పోసినా ఇంజిన్ తనని తాను కాచుకుంటుంది. ఆక్టేవియాలోనూ అలాంటి చెవులు రెండున్నాయి. నాకింగ్ వినపడితే నిప్పురవ్వని కాస్త ఆలస్యం చేస్తాయి. రీమ్యాప్ చేసేవారు ఈ చెవులు మూయకుండా ఉంటే చాలు, సగం ప్రమాదం తప్పినట్టే.

ఫ్యాక్టరీ ఏం మార్చింది?

మళ్లీ ఆ 225 గుర్రాల దగ్గరికి వద్దాం. ఆడి ఇంజినీర్లు ల్యాప్‌టాప్ తెరిచి నంబరు మార్చేసి ఊరుకోలేదు. కే03 తీసేసి అంతకన్నా పెద్దదైన కే04 టర్బో పెట్టారు. ఒక ఇంటర్‌కూలర్ ఉన్నచోట ముందు బంపర్‌కి చెరో వైపున ఒక్కోటి చొప్పున రెండు పెట్టారు. పిస్టన్లు గాలిని నొక్కే నిష్పత్తిని 9.5 నుంచి 9 దగ్గరికి తగ్గించారు. పెద్ద ఇంజెక్టర్లు వేశారు. ఆరు గేర్ల పెట్టె ఇచ్చారు, శక్తిని నాలుగు చక్రాలకూ పంచారు. బ్రేకులు పెంచారు. ఇవన్నీ చేశాక కూడా 98 ఆక్టేన్ పెట్రోలు పోయమని రాశారు. 75 గుర్రాల వెనక ఇంత సరంజామా ఉంది. షెడ్డులో ఎవరైనా 'ఏమీ మార్చక్కర్లేదు తమ్ముడూ, 225 తెప్పిస్తా' అంటే ఆ ఒక్క మాటతో అతని పనితనం తేలిపోతుంది.

అలాగని 150 గుర్రాల దగ్గర గీత గీసుకుని కూర్చోనవసరమూ లేదు. ఇదే కుటుంబంలోని ఇంజిన్‌ని, అదే వరస చిన్న టర్బోతో, ఐరోపాలో ఆక్టేవియా ఆర్‌ఎస్ పేరుతోనే 180 గుర్రాలకు అమ్మారు. అంటే 175, 180 అనేవి ఈ ఇంజిన్‌కి తెలియని అంకెలు కావు. మన దగ్గర మిగిలిన ప్రశ్న, ఇరవై ఏళ్లు దాటిన ఈ బండి ఇవాళ ఏ స్థితిలో ఉందన్నదే.

ముందు డాక్టరు, తర్వాత పహిల్వాను

పేరున్న ట్యూనర్లు ల్యాప్‌టాప్ తెరవడానికి ముందు బానెట్ తెరుస్తారు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూస్తారు. నాలుగూ దాదాపు సమానంగా ఉండాలి, ఒక్కటి తగ్గినా ఆ పూటకి పని ఆగిపోతుంది. తర్వాత గాలి గొట్టాలు. ఈ 1.8 టర్బో ఇంజిన్‌కి రబ్బరు గొట్టాల జబ్బు ఉంది. ఇన్‌టేక్ మేనిఫోల్డు కిందగా పాకే సన్నటి వ్యాక్యూం పైపులు, నూనె ఆవిరి వచ్చే బ్రీదర్ పైపులు వేడికి ఎండి చిట్లిపోతాయి. గాలి కారిపోతుంటే కంప్యూటరు అడిగిన ఒత్తిడి రాదు. దాంతో టర్బోని ఇంకా గట్టిగా తిప్పుతుంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు టర్బో అరిగిపోతుంది. గాలి నింపి, సబ్బునీళ్లు రాసి బుడగలు చూస్తే లీకులన్నీ బయటపడతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కొన్ని బండ్లకు ఈ గొట్టాలు మార్చగానే పోయిన పికప్ తిరిగొస్తుంది. యజమాని 'ఇక రీమ్యాప్ ఎందుకులే' అనుకున్నా ఆశ్చర్యం లేదు.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే అది మొదట మార్చాలి. అది తెగితే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఇగ్నిషన్ కాయిళ్లు, ప్లగ్గులు సరేసరి. బూస్ట్ పెరిగితే నిప్పురవ్వని ఆర్పేసే ఒత్తిడి కూడా పెరుగుతుంది. అందుకే ప్లగ్గు సందు కొంచెం తగ్గించి పెడతారు. ఆయిలు కంపెనీ చెప్పిన రకమే, పూర్తి సింథటిక్, గడువుకు ముందే మార్చాలి. రెండు లక్షల చుట్లు తిరిగే ఇరుసు ఆ పల్చటి నూనె పొర మీదే తేలుతుంది.

ఆ తర్వాతే ల్యాప్‌టాప్. అది కూడా రాయడానికి కాదు, చదవడానికి. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి వైరు తగిలించి ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తి ఎక్సలేటరుతో ఒకసారి లాగిస్తారు. పక్కసీట్లో రెండో మనిషి కూర్చుని అంకెలు చూడాలి, నడిపేవాడు కాదు. ఈ కార్లలో 115వ గ్రూపులో కంప్యూటరు అడిగిన బూస్టూ నిజంగా వచ్చిన బూస్టూ పక్కపక్కన కనిపిస్తాయి. 20వ గ్రూపులో నాలుగు సిలిండర్లకు నిప్పురవ్వ ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగారో తెలుస్తుంది. అక్కడ సున్నా, ఒకటి, మూడు ఉంటే ఇంజిన్ హాయిగా ఉన్నట్టు. ఆరు దాటుతుంటే అది సాయం కోసం అరుస్తున్నట్టు. ఏమీ మార్చకముందే ఆరు చూపిస్తున్న ఇంజిన్‌కి బూస్ట్ పెంచడం జ్వరమున్నవాణ్ని పరుగుపందెంలో దింపడమే.

ఇవన్నీ సవ్యంగా ఉంటే ఒక్కసారిగా కాక 0.1 బార్ చొప్పున పెంచుకుంటూ పోతారు. ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ అదే పరీక్ష. ఒకసారి ఒకటే మార్పు. గాలి పెరిగినప్పుడల్లా పెట్రోలు కూడా పెరుగుతోందా అన్నది వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటరులో చూస్తారు. పూర్తి ఎక్సలేటరులో లాంబ్డా 0.80 నుంచి 0.85 మధ్య ఉండటం క్షేమం. అంటే కావలసినదానికంటే పెట్రోలు కాస్త ఎక్కువే. ఆ ఎక్కువ పెట్రోలు మండటానికి కాదు, లోపలి వేడిని పీల్చుకోవడానికి. 2,500 ఆర్‌పీఎం లోపే బూస్ట్ అంతా ఒక్కసారిగా గుమ్మరించే మ్యాపులు నడపడానికి సరదాగా ఉంటాయిగానీ కనెక్టింగ్ రాడ్లకి అంత మంచివి కావు. మెల్లగా ఎక్కి, మధ్యలో నిలబడి, చివర్లో తగ్గే బూస్టే మేలు. ఇలాంటి మ్యాపు తయారవడానికి అరగంట చాలదు, ఒక రోజు పడుతుంది. అరగంటలో అయ్యేది ఎక్కడో ఎవరి కారుకో రాసిన ఫైలుని ఎక్కించడం. ఆ ఎవరో 98 ఆక్టేన్ పెట్రోలు దొరికే చల్లటి దేశంలో ఉండి ఉంటారు.

మన బంకులో ఏముంది?

బీఎస్-6 ప్రమాణాల్లో మామూలు పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91, ప్రీమియంకి 95. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ నాకింగ్‌ని బాగా అడ్డుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. అందువల్ల ఆక్టేన్ పెరిగింది. బూస్ట్ పెంచేవాళ్లకి ఇది శుభవార్తే కదా అనిపిస్తుంది.

సగమే శుభవార్త. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. కాబట్టి ఈ20లో శక్తి అచ్చ పెట్రోలు కంటే ఆరేడు శాతం తక్కువ. అంతే గాలికి అంతే శక్తి రావాలంటే ఇంజెక్టర్లు ఇంకా ఎక్కువ చిమ్మాలి. ఫ్యాక్టరీ ఇంజెక్టర్లకి, ఇరవై ఏళ్లనాటి పెట్రోలు పంపుకి ఉన్న మిగులు అక్కడే కొంత ఖర్చయిపోయింది. దాని మీద బూస్ట్ పెంచితే పూర్తి ఎక్సలేటరులో పెట్రోలు చాలక మిశ్రమం పలచబడొచ్చు. పలచబడిన మిశ్రమం వేడెక్కుతుంది, నాకింగ్ అక్కడే పుడుతుంది. ఇంజెక్టర్లు తమ సమయంలో 85 శాతానికి మించి తెరుచుకుని ఉంటే ఇక ఆగిపోవాలని ట్యూనర్ల లెక్క. 2004లో ఈ బండిని తయారుచేసినవాళ్లు ఈ20ని ఊహించలేదు. ఇంధన పైపులు, రబ్బరు సీళ్లు తడిమి చూడటం, చెమ్మ కనిపిస్తే మార్చడం తప్పనిసరి. వేడి టర్బో పక్కన పెట్రోలు చుక్క కారడం కన్నా భయంకరమైనది ఇంకోటి లేదు.

మ్యాపు రాసేటప్పుడు సిటీలో దొరికే మంచి పెట్రోలుతో కాక, ఊళ్లకు వెళ్లేటప్పుడు దారిలో గత్యంతరం లేక పోయించుకునే పెట్రోలుతో కూడా ఇంజిన్ బతికేలా రాయించుకోవాలి.

ఎత్తు సంగతీ ఉంది. విశాఖ బీచ్‌రోడ్డులో గాలి ఒత్తిడి ఒక బార్ పైచిలుకు. హైదరాబాద్‌లో 0.95 దగ్గర. ఊటీలో 0.77. సిలిండర్లోకి అదే 1.6 బార్ గాలి పంపాలంటే ఊటీలో టర్బో రెండు రెట్లకు పైగా ఒత్తాలి, అంటే తన హద్దు దాటి తిరగాలి. ఎత్తు పెరిగేకొద్దీ కోరిక తగ్గించుకోవడానికి ఫ్యాక్టరీ కంప్యూటరులో ఒక పట్టిక రాసి పెట్టారు. హడావుడిగా చేసిన రీమ్యాపుల్లో మొదట గాల్లో కలిసేది ఆ పట్టికే.

పది రూపాయల చిట్కాలు

అసలు ప్రమాదం చవక చిట్కాలతోనే. వేస్ట్‌గేట్‌కి వెళ్లే పైపులో ఓ చిన్న కుళాయి పెట్టి ఒత్తిడిని బయటికి వదిలేస్తారు. వేస్ట్‌గేట్‌కి అసలు ఒత్తిడి ఎంతో తెలియదు, ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఇంకొందరు సెన్సరు వైరులో రెసిస్టరు పెట్టి కంప్యూటరుకే అబద్ధం చెబుతారు. హద్దు దాటగానే ఇంజిన్‌ని ఆపేసే రక్షణను 'అడ్డమొస్తోంది' అని తీయించేస్తారు. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టే ఘనులు గుర్తొస్తారు. పోయేది ఫ్యూజు కాదు అప్పుడు.

డీజిల్ వాళ్లూ ఇందులో తక్కువ తినలేదు. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లోని ఫియట్ 1.3 లీటర్ల ఇంజిన్ 75 గుర్రాలది. దాదాపు అదే ఇంజిన్ ఎర్టిగాలో 90 ఇచ్చింది. అక్కడా టర్బో మారింది, రెక్కల కోణం మార్చుకునే రకం వచ్చింది. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసినా ఆ బండ్లు లక్షల్లో రోడ్ల మీదున్నాయి. వాటికి అమ్మే ట్యూనింగ్ బాక్సుల్లో చాలావాటి పని, ఇంధన ఒత్తిడి తక్కువగా ఉందని కంప్యూటరుని నమ్మించి ఎక్కువ డీజిల్ కొట్టించడం. డీజిల్‌కి పెట్రోలులా నాకింగ్ బెడద లేదుగానీ గాలి చాలకుండా డీజిల్ పెరిగితే వెనక నల్లపొగ, లోపల విపరీతమైన వేడి. వెనకొచ్చే స్కూటరు మీద పసిపిల్లను ఎక్కించుకున్న తల్లి ముఖం మీద ఆ పొగ వదిలి 'చూశావా మన బండి పవరు' అని మురిసిపోయేవాళ్లకి చెప్పగలిగిందేమీ లేదు.

నాన్న ప్రశ్న

శక్తి పెరిగితే మొదట జారేది క్లచ్ ప్లేటు. అయిదో గేరులో 60 మీద ఎక్సలేటరు పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ఎగిరి బండి వేగం పెరగలేదంటే క్లచ్ సెలవడుగుతోందని అర్థం. అది డబ్బుతో పోయే వ్యవహారం. బ్రేకులు అలా కాదు. బండి వంద మీద వెళ్తున్నప్పటి కంటే నూట ఇరవై మీద ఉన్నప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తి 44 శాతం ఎక్కువ. అయిదుగురూ, డిక్కీ నిండా సామాన్లూ ఉంటే ఇంకా పెరుగుతుంది. బూస్ట్ కోసం ముప్పై వేలు సిద్ధంగా ఉంచుకుని, ఆరేళ్లనాటి టైర్లు 'ఇంకా గీతలున్నాయి కదా' అని నడిపే బండ్లు ఎన్నో. టైర్లు, డిస్కులు, బ్రేక్ ఆయిలు, షాకబ్జర్వర్లు ముందు కొత్తవి వేయించాక మిగిలిన డబ్బుతోనే బూస్ట్ సంగతి ఆలోచించాలి. నాలుగు వరసల జాతీయ రహదారి మీదే కారుకి వేగ పరిమితి వంద. ఈ అదనపు శక్తి నిజంగా పనికొచ్చేది లారీని దాటేటప్పుడు ఆ నాలుగు సెకన్లు, శ్రీశైలం ఘాట్‌లో నిండు బండితో ఎక్కేటప్పుడు. అలా ఎక్కి పైకి చేరాక వెంటనే తాళం తిప్పేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ని ఐడిలింగ్‌లో ఉంచాలి. ఎర్రగా కాలిన టర్బోలో నూనె నిలిచిపోతే మాడి గడ్డకడుతుంది.

కాగితాల సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా ఇంజిన్ శక్తి పెంచితే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. వారంటీ ఉన్న కొత్త టర్బో కార్లకైతే ఆ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. పాలసీ తీసుకున్న కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు దాచుకోవడం నయం.

పని మొదలుపెట్టేముందే ట్యూనరు చేత కంప్యూటరులోని అసలు ఫైలు కాపీ తీయించి దగ్గర పెట్టుకోవాలి. పొల్యూషన్ పరీక్షలో తేడా వచ్చినా, ఇంజిన్లో అనుమానం కలిగినా మళ్లీ పాత మ్యాపు వేసుకోవచ్చు. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఆ ఫైలుతో పాటు బూస్ట్ ఎంత పెంచారో, ఏ ప్లగ్గులు వేశారో కాగితం మీద రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటి బండికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో రెండు రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.